కొండభాష మంత్రం

కార్తీక పౌర్ణమి మర్నాడు, ఉదయం ఏడున్నరకు, వాకాడు దగ్గర ఒక రొయ్యల గుంట గట్టు మీద ఉన్నాను. కాఫీ తోట తిండి పెట్టక అరకు కొండలు దిగి, నా కూతురూ అల్లుడూ అక్కడ కాపలాకు చేరారు. వాళ్లను చూడటానికి వెళ్లాను. ఆ వేళకే రొయ్యలకు తెల్లమచ్చల తెగులు తగిలింది.

"మీ కొండోళ్లకు మంత్రాలొచ్చంట గదా పెద్దాయనా, ఏదో ఒకటి చదవండి. ఈ గుంట పోతే మీ అల్లుడికి ఈడ పనుండదు," అన్నాడు యజమాని రమణయ్య.

"మంత్రాలు చదివే మా దిసారి బాప్తిస్మం తీసుకున్నాడు బాబూ. ఇప్పుడు చర్చిలో ముందు వరస ఆయనదే," అన్నాను.

పని పోతుందన్న భయంతో అల్లుడు దేవదాసు చెప్పులు విడిచి, కళ్లు మూసుకుని, మా కొండభాషలో గడగడా చదివాడు. ప్రతి ఆదివారం మేం చర్చిలో చెప్పే పరలోక ప్రార్థనే అది. రమణయ్య మురిసిపోయి కొబ్బరికాయ కొట్టాడు.

"పాతకాలం మంత్రమంటే ఇదీ. మా పూజారికి ఇట్టాంటివి యాడొస్తాయి?"

మా తాతలు కొండదేవతకు మొక్కితే నవ్వింది ఈ మైదానం వాళ్లే. మేం మానుకున్నాక వీళ్లకు కావలసి వచ్చింది.

ఆ రోజు గట్టు మీద చేతులు జోడించి నిలబడింది రమణయ్య, దేవదాసు, నా కూతురు మరియమ్మ, నేను. నీళ్లలో రొయ్యలు చస్తూనే ఉన్నాయి.