కిషన్‌కు కనిపించని ఎరుపు

సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో, ఊర్మిళ గారి మ్యాచింగ్ సెంటర్‌లో కిషన్ ఇరవై ఏళ్ళుగా చీరలకు జాకెట్టు ముక్కలు జతచేస్తున్నాడు. మనిషికి నోరెక్కువ. "రంగులంటే ఏందమ్మా? నలుగురు కూడి పెట్టిన పేర్లే! మా అమ్మ పచ్చ అన్నది, నేను సుత పచ్చ అన్న. గంతే!" అని దొరికినవాళ్ళకల్లా చెప్పేవాడు.

ఆ సిద్ధాంతం సీతాఫల్‌మండిలో పెట్టిన కంటి శిబిరంలో బోల్తా కొట్టింది. డాక్టర్ బ్యూలా రంగు చుక్కల బొమ్మ చూపించి, అందులో ఏ అంకె ఉందని అడిగింది. వెనక నిలబడ్డవాళ్ళంతా టక్కున చెప్పేశారు. కిషన్‌కు చుక్కలే కనిపించాయి.

"మీకు పుట్టుకతోనే ఎరుపు, పచ్చ తేడా తెలియదండీ," అందామె. "ఇది పేర్ల సంగతి కాదు, కంటి సంగతి."

ఇంకొకరైతే కుంగిపోయేవారు. కిషన్‌కు ఒళ్ళు ఝల్లుమంది. ఇన్నేళ్ళూ తన కళ్ళలోనే ఇంత వింత దాక్కుందా! ఆటో ఎక్కాక గానీ భయం పట్టుకోలేదు. ఈ మాట తెలిస్తే కౌంటర్‌లో ఉండనిస్తారా? ఆ పని తప్ప అతనికి ఇంకోటి రాదు, ఇంకోటి ఇష్టమూ లేదు. అయినా కడుపులో మాట దాచుకోవడం అతని వల్లయ్యే పనా! దుకాణం మెట్లెక్కుతూనే చెప్పేశాడు.

ఊర్మిళ నమ్మలేదు. రెండు ముక్కలు తీసి ముందు పడేసింది. "ఎర్రది ఏది?"

కిషన్ పచ్చది తీశాడు. ఆమె మొహం పాలిపోయింది.

"మరి గిన్నేండ్లు ఎట్ల నడిపినవ్ కిషన్?"

"ఏ అరల ఏ రంగుంటదో యాదికుంటది అక్కా. జనం ఏ పేరు చెప్తె ఆ అరలకెల్లి ముక్క తీసిన. ఆఖర్కి ముక్కను ఎండలకు తీస్కపోయి కస్టమర్ మొఖం చూస్త. మొఖం వెలిగిందంటే మ్యాచ్ అయినట్టే!"

అప్పుడే ప్రిసిల్లా అనే టీచరు చీర పట్టుకుని వచ్చింది. ఊర్మిళ తనే ఒక ముక్క తీసి ఆమెతో పాటు ఎండలోకి నడిచింది. చీర నీలం అంది ఊర్మిళ. కాదు, పచ్చే అంది ప్రిసిల్లా. చీర ఒక్కటే, ఎండ ఒక్కటే, నాలుగు కళ్ళూ లక్షణంగా ఉన్నాయి, అయినా తగువు తెగలేదు! గుమ్మంలో కిషన్ ఆనందం పట్టలేక గంతేశాడు.

"చూసిన్రా! కన్ను పుట్టుకతోని వచ్చింది, పేరు మనం పెట్టినం. రెండూ ఉంటెనే మ్యాచింగ్! నేను ఇన్నాళ్ళు సగమే చెప్పిన!"

ప్రిసిల్లా నవ్వింది. ఊర్మిళ నవ్వలేదు. చేతిలో ముక్కను అతనికిచ్చింది.

"ఎరుపు, పచ్చ ఇగ నేను చూస్త. మొఖాలు నువ్వు చూడు. గుమ్మంల నిలబడ్డవేంది, కౌంటర్‌లకు నడువ్."