పరలోకంలో మా తాతయ్య క్వార్టరు

పరలోకంలో రైల్వే క్వార్టర్లు ఉంటాయని నా చిన్నప్పుడు నేను గట్టిగా నమ్మాను. నవ్వకండి! టాటానగర్ రైల్వే కాలనీలో పుట్టిన పిల్ల ఇంకేం నమ్ముతుంది? మా నోట ఇల్లు అన్న మాటే వచ్చేది కాదు. ఎక్కడికే అని అడిగితే ఫలానా వాళ్ల క్వార్టర్‌కి అనేవాళ్లం. పెద్దవాళ్లు నలుగురు కలిస్తే ఎవరికి ఎలాట్ అయింది, ఎవరు ఖాళీ చేస్తున్నారు, ఏ లైన్లో వంటగది పెద్దది, ఇవే కబుర్లు. మాది ఒక గది, ఒక వంటిల్లు, ముందు చిన్న వరండా. లోపల అమ్మా నాన్నా, పిల్లలం. వరండాలో గోనె పరదా వెనక మా తాతయ్య మడత మంచం.

మా పక్కింటి అక్క అప్పుడే బడిలో పంతులమ్మగా చేరింది. ఆదివారం మా తెలుగు సంఘంలో ఆరాధన అయ్యాక, పిల్లలందరినీ తన వరండాలో కూర్చోబెట్టి బైబిలు సంగతులు చెప్పేది. ఎంత బాగా చెప్పేదంటే, అల్లరికి పేరుపడ్డ నేను కూడా నోరు తెరుచుకుని కూర్చునేదాన్ని. ఒక ఆదివారం పరలోకం గురించి చెప్పింది. యేసు ప్రభువు వెళ్లిపోయే ముందు శిష్యులు దిగులు పడ్డారట. నా తండ్రి ఇంట్లో చాలా నివాసాలున్నాయి, మీకు చోటు సిద్ధం చేయడానికే వెళ్తున్నాను, మళ్లీ వచ్చి మిమ్మల్ని తీసుకెళ్తాను అని ఆయన ధైర్యం చెప్పాడట. అక్కడ చావు లేదు, ఏడుపు లేదు, నొప్పి లేదు. దేవుడే వెలుగు కాబట్టి సూర్యుడితో పని లేదు. బంగారు వీధి, ఎప్పుడూ మూయని గుమ్మాలు!

గుమ్మాలు మూయరనగానే స్టీలు కార్ఖానాలో పనిచేసే ఒకాయన కొడుకు లేచి నిలబడ్డాడు. "గేట్ పాస్ భీ నహీ లగేగా?" అన్నాడు, గేట్ పాసు కూడా అక్కర్లేదా అని. అక్క పడీ పడీ నవ్వింది. నా మనసు మాత్రం నివాసాలు అన్న మాట దగ్గరే ఆగిపోయింది. నివాసాలంటే క్వార్టర్లేనా అక్కా అని అడిగాను. అలాంటివే అనుకో అంది. ఇంకేం కావాలి నాకు!

చెప్పులు కూడా వేసుకోకుండా ఇంటికి పరిగెత్తాను. పరలోకంలో క్వార్టర్లున్నాయి, బోలెడున్నాయి, మనందరికీ ఇస్తారు అని గుమ్మంలోంచే కేకలు పెట్టాను. అమ్మ పొయ్యి దగ్గర నుంచి కదలకుండానే, "కుళాయిలో నీళ్లొత్తాయేటి మరి?" అంది. తమ్ముడు ఆ మాట పట్టుకుని గంతులేశాడు. ఇల్లంతా గోలగోలగా ఉంటే తాతయ్య పరదా పక్కకి తీసి నన్ను చేత్తో పిలిచాడు. మంచం పట్టీ మీద కూర్చోబెట్టుకుని, ఎవరికీ వినపడకుండా అడిగాడు.

"ఓలె, సర్వీసులో ఉన్నోళ్లకే గదా క్వార్టరు. రిటైరైపోయినోడికి ఇత్తారేటి?"

తాతయ్య ఇంజన్లు బాగుచేసే లోకోషెడ్డులో కలాసీ కూలీగా బొగ్గూ మసీ మధ్య వయసంతా గడిపాడు. రిటైరవగానే క్వార్టరు ఖాళీ చేసి సామాను బయట పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాత కొడుకు క్వార్టరులో, కొడుకు వరండాలో ఉంటున్నాడు. ఆ ఏడాది ఆయనకి ఆయాసం బాగా ముదిరింది. తనకిక ఎన్నాళ్లో లేవని ఆయనకి తెలుసు. "నాను దేవుడికేటి సర్వీసు సేసినాను? అక్కడ కూడా ఎవులి వరండాలోనో పడుండాలేటో" అన్నాడు. అంత పెద్ద మనిషి భయపడుతున్నాడని తెలిసి నాకు ఏడుపొచ్చేసింది. కనుక్కొస్తానుండు తాతయ్యా అని మళ్లీ అక్క దగ్గరికి పరుగు.

అక్క బియ్యం ఏరుతోంది. నేను వెక్కుతూ చెప్పిందంతా విని చేట పక్కన పెట్టేసింది. వచ్చి రెండు మంచి మాటలు చెబుతుందనుకున్నాను. అక్క అలా చేయలేదు. తాతయ్య ఇంట్లో లేకుండా కాస్త ఎక్కువసేపు బయటికి వెళ్లేది ఎప్పుడు అని అడిగింది. ఆ వారంలోనే నాన్న ఆయన్ని రైల్వే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. "ఐతే ఎవులికీ సెప్పకు" అని నా చెవి మెలిపెట్టి పంపింది.

ఆ రోజు పొద్దున్న వాళ్ల రిక్షా మలుపు తిరిగిందో లేదో, అక్క తట్టనిండా సున్నంతో, ఆదివారం పిల్లల దండుతో మా వరండాలోకి దిగింది. ఇదేం చోద్యమే అమ్మాయీ అని అమ్మ లబలబలాడింది. అక్క అమ్మ చేతికి కూడా ఒక కుంచె ఇచ్చింది! ఇక చూడండి మా హడావుడి. గోనె పరదా పీకేశాం. గోడలకి సున్నం వేశాం, మా ముఖాలకి కూడా వేసుకున్నాం. అక్క తన పెట్టెలోంచి పువ్వుల దుప్పటి తెచ్చి, కత్తిరించి పరదా కుట్టింది. కొత్త దుప్పటి! అమ్మ వద్దన్నా వినలేదు.

అన్నిటికంటే నాకు గర్వంగా అనిపించిన సంగతి ఒకటుంది. అడుగడుగునా అక్క నన్నే అడిగేది. మీ తాతయ్యకి మంచం ఎటు ఉంటే ఇష్టం? ఇంజన్లు కనపడేటట్టు పట్టాల వైపు అన్నాను. మంచం తిప్పేశారు. నీళ్ల చెంబు ఎక్కడ పెట్టాలి? వంగితే ఆయాసం వస్తుంది, ఎత్తులో అన్నాను. స్టూలు వచ్చింది. చేతికర్ర తగిలించడానికి మేకు ఎటు కొట్టాలి? ఎడం వైపు అన్నాను. షెడ్డులో దెబ్బ తగిలినప్పటి నుంచి కుడి చెయ్యి భుజం దాకా లేవదు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనడు. రోజూ చొక్కా తొడిగేది నేనే కాబట్టి నాకు తెలుసు.

మధ్యాహ్నం రిక్షా రాగానే అందరం తలుపు వెనక నక్కాం. తాతయ్య మెట్టు ఎక్కి, వేరేవాళ్ల క్వార్టరుకి వచ్చామనుకుని వెనక్కి తిరిగాడు! మేం ఒక్కసారిగా అరిచాం. అక్క ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి తెచ్చి కూర్చోబెట్టింది. ఆయన పరదా తడిమాడు, పట్టాల వైపు చూశాడు. కర్ర పెట్టుకోవడానికి అలవాటుగా ఎడం చెయ్యి చాపాడు. చెయ్యి తిన్నగా మేకు మీద పడింది. మేకు వదలకుండానే మా అందరి ముఖాలూ చూశాడు.

"నా ఎడం సెయ్యి సంగతి ఎవులు సెప్పినారు?" అన్నాడు.

అక్క నన్ను ముందుకి తోసింది. "ఇదేటి ఎలాట్ సేసింది కాదు తాతా. నువ్వేటి సర్వీసు సేసినావని ఎవులమూ అడగనేదు. నీకోసం సిద్ధం సేసినాం, అంతే. నీ మనవరాలికే నీ ఎడం సెయ్యి తెలిసినప్పుడు, నిన్ను పుట్టించినోడికి తెలీదేటి?"

తాతయ్య తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడని నేను భయపడి తువ్వాలు లాగితే, కళ్లనిండా నీళ్లతో నవ్వుతున్నాడు.

ఆ తర్వాత మా తాతయ్య నోటికి తాళమే లేకుండా పోయింది. పొద్దున్న లేస్తూనే, "అక్కడ నా దానికి కిటికీ ఎటు పెడతన్నాడో" అని నన్ను అడిగేవాడు. పట్టాలుంటాయా అని నేను, పట్టాలు లేకపోతే నాకోసం సిద్ధం సేసినట్టేటి అని ఆయన. అక్క మాకు చిలక్కి చెప్పినట్టు చెప్పేది. కిటికీలూ పట్టాలూ మన సరదా, బైబిల్లో అవి లేవు. అక్కడ అసలు సంతోషం దేవుడి ముఖం చూస్తూ ఆయనతో ఉండటమే అని. తాతయ్య బుద్ధిగా తలూపి, అక్క వెళ్లాక మళ్లీ కిటికీ మాటెత్తేవాడు. ఆ చలికాలంలోనే ఆయన వెళ్లిపోయాడు. ఆయాసంలో కూడా మాకు ధైర్యం చెప్పే వెళ్లాడు.

ఇప్పుడు నా వయసు అప్పటి తాతయ్య వయసు దాటింది. ఇదే ఊళ్లో, సోనారి పేటలో కొడుకు ఇంట్లో ఉంటున్నాను. నా మనవలు హిందీలో పరలోకం గురించి అడుగుతారు, నేను తెలుగులో చెబుతాను. ఎవరైనా ఇంటికి వస్తున్నారంటే మాత్రం నన్ను ఆపడం మా కోడలి తరం కాదు. వాళ్లకి ఏ చెయ్యి నొప్పి, ఏ వైపు పడుకుంటారు, టీలో చక్కెర ఎంత, అన్నీ కనుక్కుని గానీ దుప్పటి పరవను. మొన్న నా మనవరాలు, "దాదీ, మర్‌నే సే డర్ నహీ లగ్‌తా?" అని అడిగింది. చావంటేనా? నా కోసం అన్నీ కనుక్కుని ఎదురుచూసేవాడి దగ్గరికి వెళ్లడానికి భయమెందుకే, నాకు పండగ ముందురోజు పిల్లలా నిద్ర పట్టడం లేదు గానీ అన్నాను.