చూపు పోయాక నేను దిద్దిన మొదటి మొహం

షుగరు నా కళ్ళు తినేశాక వచ్చిన మొదటి గంగ జాతరకు మా వరండా బోసిపోయింది. అంతకు ముందు జాతర రోజుల్లో అక్కడ మగవాళ్ళు చీరలు కట్టుకుని వరసగా కూర్చునేవాళ్ళు. మొక్కు తీర్చుకోవడానికి ఆడవేషం వేయడం మా తిరుపతిలో మామూలే. ఆ వేషాలకు మొహాలు దిద్దడం నా పని. గోడమీది క్యాలెండర్‌లో లక్ష్మీదేవిని చూసి అందరికీ అదే మొహం వేసేవాణ్ణి. మీసాలు గీయించుకుని వచ్చిన లారీ డ్రైవర్లంతా అక్కాచెల్లెళ్ళై వెళ్ళేవాళ్ళు.

గుడ్డివాడి చేతికి మొహం ఎవరిస్తారు? లోపల ఏడుస్తూ, పైకి అందర్నీ తిడుతూ కూర్చున్నాను. అప్పుడు మా అక్కను వెంటబెట్టుకుని బావ వచ్చాడు. అక్క వంటింట్లోకి పోగానే నా చెవిలో గొణిగాడు.

"బామ్మర్దీ, నాకు ఆడేసం ఏయిస్తానని మాయమ్మ మొక్కిన మొక్కు అట్లే ఉండిపోయినాది. ఆమె ఉన్నన్నాళ్ళూ సిగ్గని ఎయ్యలేదు. నువ్వైతే నన్ను సూసి నవ్వవు గదా! ఒగటే మాట, ఎవురూ నన్ను గుర్తుపట్టగూడదు."

నా పనితనం మీద కాదు, నా గుడ్డితనం మీద నమ్మకంతో వచ్చాడన్నమాట. ఒళ్ళు మండింది. అయినా కూర్చోబెట్టాను. ఈ మొహం చెడిందంటే ఇక రంగుల పెట్టె అటకెక్కాల్సిందే.

వాసనతో గుర్తుపట్టడానికి తెల్లరంగులో కర్పూరం, ఎరుపులో యాలకులు, పసుపులో ఇంగువ కలిపి పెట్టుకున్నాను.

"మొగానికి రంగేస్తాండావా, పులిహోరకు తిరగమాత పెడతాండావా?" అంటూ బావ తుమ్మాడు. పెదవులకు పూయాల్సిన ఎరుపు ముక్కులోకి పోయింది. తుడిచి మళ్ళీ మొదలుపెట్టాను.

నిజం చెప్పాలంటే కళ్ళున్నప్పుడు నేను ఎవరి మొహమూ చూడలేదు, క్యాలెండర్నే చూశాను. ఇప్పుడు వేళ్ళకు అది అందదు. అందుకని బావ ఎముక ఎటు పోతే రంగును అటు పోనిచ్చాను. చెంపలు ఎత్తుగా తగిలాయి. గడ్డం మొండిగా ముందుకొచ్చింది, దాన్ని మొండిగానే ఉంచాను. సవరం పెట్టి ముడి వేసి, పెద్ద బొట్టు పెట్టాను. ఎలా వచ్చిందో చూసుకునే దారి లేదు.

ఇంతలో అక్క వచ్చి "అబ్బా" అంటూ కుర్చీలో కూలబడింది. మరుక్షణం ఆమె లేచిన ఊపుకు ఆ కుర్చీ దభీమని వెనక్కి పడింది.

"అత్తా! ఊరికే అట్ల కూసున్యా, కాపీ పెట్టేస్తా!"

బావవాళ్ళమ్మ పోయి చాలా ఏళ్ళయింది. ఆవిడ ముందు మా అక్క ఏనాడూ కుర్చీ ఎక్కి ఎరగదు.

బావ గొంతు సన్నం చేసి "సక్కిర తక్కువెయ్ మే" అన్నాడు.

అక్క విరగబడి నవ్వింది, ఆ నవ్వులోనే ఏడ్చింది, ఆ వెంటనే చీపురు అందుకుని మొగుడి వెంటపడింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. ఇన్నేళ్ళలో నేను ఎవరికైనా వాళ్ళ సొంత మొహం వేసింది అదే మొదటిసారి.

ఆయాసం తీరాక బావ అద్దం అడిగాడు. ఇచ్చాక కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. పొద్దెక్కుతోంది, గుడికి పోదాం పదమని అక్క తొందరపెట్టింది.

"ఉండుమే," అన్నాడు బావ. "ఇంగొంచేపు మాయమ్మను సూసుకోనీ."