మూత తియ్యకండి

కామేష్‌కి సంబంధాలు రాక కాదు, తను వెళ్లక తప్పిపోయాయి.

రాయగడలో ఓ ఫార్మసీ కాలేజీలో ల్యాబ్ టెక్నీషియన్ అతను. విటమిన్ల జాతి పదార్థాల్లో ఏది నూనెని ఎంత ఇష్టపడుతుందో కొలవడం అతని పని. అరచేతంత పలక మీద తెల్లపొడి పూత, దానికి నూనె పట్టిస్తాడు. అడుగున ఆ పదార్థాల చుక్కలు పెట్టి, కాస్త నీళ్లూ అసిటోనూ పోసిన గాజు జాడీలో నిలబెట్టి మూత పెడతాడు. తడి మెల్లగా పైకి పాకుతుంది. నీళ్లంటే ఇష్టమున్న చుక్క దాంతోపాటే పరిగెడుతుంది, నూనెంటే ప్రాణమున్నది కిందే చతికిలబడుతుంది. తడి పై అంచు చేరేలోగా పలక తీసి, ఎంతవరకు ఎక్కిందో పెన్సిల్‌తో గీత పెట్టాలి. అంచు దాటిందా, లెక్క గోవిందా! మధ్యలో మూత తీసినా అంతే.

అందుకే పెళ్లిచూపుల వేళకి "ఇంకో అంగుళం ఉందమ్మా" అని ఫోన్లో చెప్పేవాడు. బిస్సమ్ కటక్ వాళ్లు వేయించిన బజ్జీలు చల్లారిపోయాయి. కొరాపుట్ వాళ్లయితే పిల్లని ఇంకొకరికి ఇచ్చేశారు. తల్లి చిన్నమ్మికి ఒళ్లు మండింది.

"నీ అంగులం మీద మన్నుపొయ్య! నువ్వు కదలవు గదా, ఆళ్లనే నీ కాడికి తెత్తాను."

అన్నంత పనీ చేసింది. మునిగుడ స్టేషన్‌లో టిక్కెట్లిచ్చే ధరణినీ, ఆమె మేనమామ గణపతిరావునీ తిన్నగా ల్యాబ్‌కే తీసుకొచ్చింది. ఇదీ పోతే ఇంక సంబంధాలు చూడనని ముందే ఒట్టేసింది. అయినా కామేష్ కళ్లు మాత్రం జాడీ మీదే.

గణపతిరావుకి చేతులు ఊరుకోవు. "ఏటి బాబూ, ఇందులో ఏటి ఉడకెడతన్నారు?" అంటూ మూత పట్టుకున్నాడు.

"మూత తియ్యకండి!" కామేష్ కేక పెట్టాడు.

పెద్దాయన చెయ్యి లాక్కున్నాడు. మొహం మాడిపోయింది. ఇదీ పోయిందనుకుంది చిన్నమ్మి.

"ఊరుకో మావయ్యా," అంది ధరణి. "బండొచ్చే టైంకి నా కౌంటర్లో ఎవులైనా సెయ్యెడితే నేనూ ఇలాగే అరుత్తాను." కామేష్ వైపు తిరిగింది. "ఇందులో నూనెంటే ఇష్టమున్నది ఏదండీ?"

ఇన్నేళ్లలో ఆ ప్రశ్న అడిగిన మనిషి లేడు. కామేష్ మొదలెట్టాడు, ఇక ఆగలేదు. నూనె ప్రియులంతా కిందే ఉండిపోతారని చెప్పాడు.

"అయితే మా మావయ్య ఆ అడుగునే! పకోడీ వదల్డు," అంది ధరణి. గణపతిరావుకే ముందు నవ్వొచ్చింది. కామేష్ నవ్వు ఆపుకోలేక స్టూలు మీద కూలబడ్డాడు.

జాడీని చిన్నమ్మే చూసింది. "ఒరే, నీ తడి పైకెక్కిపోనాదిరా!"

పలక అంచుదాకా తడిసిపోయింది. గీత పెట్టడానికి చోటే లేదు.

"అయ్యో, నావల్లే పాడైపోనాదా?" అంది ధరణి.

"పర్లేదండీ. సోమవారం మళ్లీ పెడతాను."

"అయితే సెప్పండి, ఆ రోజు సెలవు పెట్టి వచ్చి సూత్తాను."

చిన్నమ్మి నోరు తెరిచింది. పలక పాడైతే అన్నం మానేసే కొడుకు పర్లేదన్నాడు! ఆవిడకి కళ్లనీళ్లు తిరిగాయి. పైటతో తుడుచుకుని గణపతిరావు వైపు తిరిగింది.

"అన్నయ్యగారూ, ముహూర్తం ఆదివారమే పెట్టించండి. ఆ రోజు ల్యాబ్‌కి తాళం."