చావని గాయకుడు, చచ్చిన వైరుమనిషి

సభలకూ కచేరీలకూ కరెంటు లాగడం ఆయన పని. స్టేజీ ఎంత గొప్పవాళ్లదైనా సరే, ముందు ఇనపకడ్డీని భూమిలోకి దిగ్గొట్టి, దానికి ఆకుపచ్చ తీగ బిగించి, చేత్తో రెండుసార్లు గుంజి చూస్తేగానీ మెయిన్ స్విచ్ మీద ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వడు. అందుకే అందరూ ఎర్తు మామ అంటారు. కాస్త వెక్కిరింపుగానే అంటారు. ఆ వెక్కిరించేవాళ్లంతా ప్రాణాలతో ఉన్నారు కదా, అదే చాలనుకుంటాడు ఆయన.

పద్దెనిమిదేళ్ల కిందట ఒక రాక్ గాయకుడు వానకు తడిసిన స్టేజీ మీద మైకు పట్టుకోగానే కరెంటు కొట్టి కుప్పకూలాడు. వేలమంది చూశారు. అతణ్ణి లాగబోయి, ఎర్తు మామతో పాటు వైర్లు లాగే ఆయన చెల్లెలి మొగుడూ పోయాడు. అది ఎవరి కంటా పడలేదు. అయితే విచారణ నివేదికలో మాత్రం పాపం ఆ బావకు ఘనంగా చోటిచ్చారు: "ఎర్తు తీగ బిగించకుండా వదిలేసిన కార్మికుడి అజాగ్రత్త వల్ల ప్రమాదం." గొప్పవాడు చస్తే అనుమానం, కూలివాడు చస్తే అజాగ్రత్త.

ఆ ఒక్క వాక్యం కొట్టేయించాలని చెల్లెలు ఆఫీసుల చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. "మధ్యాహ్నం మా బావ బిగించాడు, నేనే గుంజి చూశాను" అని అన్న చెబితే, బంధువు మాట చెల్లదన్నారు.

ఇప్పుడు ఆ గాయకుడి చావు మీద డాక్యుమెంటరీ సినిమా వచ్చింది. గాయకుడు చావనేలేదట. పాటల కంపెనీ పీడ వదిలించుకోవడానికి తన పోలికలున్నవాణ్ణి స్టేజీ ఎక్కించి, తాను ఏదో దీవిలో తేనెటీగలు పెంచుకుంటున్నాడట. ఆ సినిమావాళ్లు ఎర్తు మామ దగ్గరికీ వచ్చి మూడు గంటలు మాట్లాడించుకున్నారు. ఆయన తీగ గురించీ బావ గురించీ చెప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

చెల్లెలి ఇంట్లో కుట్టుమిషనుకు ఫోను ఆనించి ఇద్దరూ సినిమా చూశారు. ఎర్తు మామ ఎనిమిది సెకన్లు కనిపించాడు. "ఆ రోజు అక్కడ ఏదో తేడా ఉంది" అన్నాడు. వెనక గుండెలదిరే సంగీతం. తుడుచుకున్న కళ్లను రహస్యం దాచే కళ్లు చేశారు.

"మూడు గంటలు చెప్పానన్నావు, ఏదన్నయ్యా?"

"నయం, నేనే ఆ దీవికి పడవ నడిపానని చెప్పలేదు. సంతోషించు."

తర్వాత ఒక ఫొటో వచ్చింది. కచేరీకి గంట ముందు ఎవరో అభిమాని తీసింది. నల్లకళ్లద్దాల మనిషి ఒకడి ఎడమచెవి చుట్టూ ఎర్రటి సున్నా. ఆ చెవి అసలు గాయకుడిది కాదని నాలుగు నిమిషాలు ఉపన్యాసం.

"ఆగాగు. వెనక్కి తిప్పు" అంది చెల్లెలు.

"ఆ చెవేనా?"

"చెవీ లేదు, గాడిద గుడ్డూ లేదు. పక్కనున్నవాడి చెయ్యి చూడు."

పక్కనున్నవాడు కచేరీ పెట్టించిన కంపెనీ మేనేజరు. మోచేతికి చుట్టచుట్టి ఆకుపచ్చ తీగ. వెనక బోసిగా ఇనపకడ్డీ. ముందు పెద్దమనుషుల కోసం పరిచిన కొత్త తివాచీ. దాని మీదుగా తీగ పోతే కెమెరాకు అసహ్యంగా ఉంటుందని ఊడబీకించాడన్నమాట.

ఎర్తు మామ ఫోను అందుకుని కళ్లకు దగ్గరగా పెట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లుగా వెతుకుతున్న సాక్ష్యానికి జానెడు దూరంలో సున్నా చుట్టి, లోకమంతా చూపిస్తున్నారు ఆ మహానుభావులు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కార్మికశాఖ ఆఫీసుకెళ్లారు. గుమాస్తా ఫొటో చూడగానే వెలిగిపోయాడు. సినిమా ఐదుసార్లు చూశాడట.

"ఆ చెవి గమనించారా అమ్మా?"

"ఈ చెయ్యి గమనించండి బాబూ" అంటూ ఆమె దరఖాస్తు ముందుకు తోసింది.

అతను చదివి నీరసపడ్డాడు. "ఇది మూసేసిన ఫైలండీ. అయినా ఆ గాయకుడు బతికే ఉన్నాడుగా, ఇంక ప్రమాదమేంటి?"

ఎర్తు మామ నోరు తెరవబోతే చెల్లెలు ఆయన చెయ్యి నొక్కింది.

"అయితే మరీ మంచిది బాబూ. విచారణ మళ్లీ తెరవండి. నోటీసు పంపితే ఆయనే వచ్చి సాక్ష్యం చెబుతాడు."

 గుమాస్తా రసీదు పుస్తకం లాగి, దరఖాస్తు మీద ముద్ర గట్టిగా గుద్దాడు.

"ఆయనొచ్చే రోజు నాకు ముందుగా చెబుతారా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీకే ముందు" అంది ఆమె, రసీదు అందుకుంటూ.