తిప్పితే మారిపోయే చతురస్రం

రేపు మా అమ్మాయికి లెక్కల పరీక్ష. పోయినసారి చతుర్భుజాల దగ్గరే తప్పింది. అందుకే ఈ సాయంత్రం కోవిల్‌పట్టి కడలై మిఠాయిని, అదే వేరుశనగ చిక్కీని, చతురస్రంగా కోసి చూపించాను.

"చతురస్రం, నాయనా" అంది.

దాన్నే తిప్పి మూల మీద నిలబెట్టాను.

"ఇప్పుడు డైమండు. వాకిట్లో నేనేసే ముగ్గులో ఇట్లాదాన్ని డైమండనే గదా అంటాము!"

బతిమాలాను, అరిచాను. ఇక దారిలేక నేల మీద అడ్డంగా పడుకున్నాను. "ఇట్ల పండుకుంటే నేను నీ నాయనను కాకుండా పోతానా?"

చాలాసేపు ఆలోచించింది. "పండుకున్నా నువ్వు నాయనే. అది మాత్రం డైమండే" అని, మిఠాయి నోట్లో వేసుకుని వెళ్ళిపోయింది.

నేనింకా నేల మీదే ఉన్నాను. చూపించడానికి చతురస్రం కూడా మిగల్లేదు. మీ పిల్లలకు ఎలా చెప్పారో ఎవరైనా చెప్పండి, తెల్లారితే పరీక్ష!