నాయిన ఏ గుండ్ల నడుమ ఉన్నాడో

ఎనభై దాటిన మా అవ్వ ఏదీ నోరు తెరిచి అడగని మనిషి. ఈసారి పెద్దలకు పెట్టుకునే పెత్రమాసకు మాత్రం "మా నాయినకు ఆయన ఉన్నకాడ్నే సాక పొయ్యాలె, తోల్కపో బిడ్డా" అని మొండికేసింది. ఆ జాగాలో ప్లాట్లు చేస్తున్నారని ఎవరో చెప్పారట. ఇక ఊరుకుంటుందా!

చిట్యాల నుంచి పొద్దున్నే బయలుదేరి మోత్కూరు చేరాం. సాకగా నేల మీద ధార పోయడానికి ఓ సీసా కల్లు కొని, రానుపోను నాలుగు వందలకు ఆటో మాట్లాడుకున్నాం. "రాకాసి గుళ్లకాడ ఏమున్నదక్కా? ఉత్త గుండ్లే గద" అని నన్నడిగాడు డ్రైవర్. "మా నాయినున్నడు" అంది అవ్వ.

ఎర్ర చెల్క పొలాలు దాటితే గుట్ట కింద రాళ్ళ మిట్ట. పండే నేలను బతికినవాళ్ళకు వదిలి, ఈ మిట్టను చచ్చినవాళ్ళకు ఇచ్చారు వేల ఏళ్ళ నాటి మనుషులు. ఒక్కో సమాధి చుట్టూ గుండ్రంగా పెద్ద గుండ్లు. ఊరివాళ్ళు వీటినే రాకాసి గుళ్ళంటారు.

నలభై ఎనిమిదిలో పోలీస్ యాక్షన్ తర్వాత, కమ్యూనిస్టు దళానికి రొట్టెలు మోశాడని అవ్వ వాళ్ళ నాయినను మిలిటరీ కాల్చేసింది. పీనుగ మాదంటే ఇంట్లో మిగిలినవాళ్ళనూ పట్టుకుపోతారు. అందుకే ఇంటివాళ్ళు చీకట్లో ఇక్కడ పూడ్చి, కొత్త సమాధి అని ఎవరూ పోల్చకుండా పాతవాటిలాగే చుట్టూ గుండ్లు పేర్చారు. ఎవరూ పోల్చలేదు. ఇప్పుడు అవ్వ కూడా పోల్చలేకపోయింది.

"మా అమ్మకెరుక. నేనేడ చెప్తనో అని నన్ను దూరంగ నిలవెట్టి తనొక్కతే పోయేది" అంటూ ఆ గుండ్ల మధ్య తిరిగింది. మిట్టలో సగం అప్పటికే డోజర్‌తో చదును చేశారు. పెకలించిన గుండ్లు ఓ మూల కుప్పగా ఉన్నాయి. "అండ్ల ఉంటే ఎట్ల బిడ్డా?" అంది. నాకు ఏడుపు ఆగలేదు.

"అన్నిటికీ జరంత జరంత పొయ్యరాదు అవ్వా, ఆయనకు గూడ అందుతది" అన్నాడు డ్రైవర్. అవ్వ పోసింది. ప్రతి వలయం దగ్గరా "నాయినా" అని గొణిగింది. "గట్టిగ పిలువే, ఇప్పుడెవలు వింటరు" అన్నాను. ఆమె గొణుగుతూనే తర్వాతి వలయం దగ్గరికి నడిచింది. చిన్నప్పుడు మూయించిన నోరు అది. సీసాలో మిగిలిందంతా ఆ కుప్ప మీద పోసి, అక్కడే కూలబడింది.

దాచినవాళ్ళు ఎంత బాగా దాచారో! బతకడానికి చేసిన పని, బిడ్డకు తండ్రి సమాధి కూడా లేకుండా చేసింది.

వెళ్ళాలనుకునేవాళ్ళు ఎండ ముదరకముందే వెళ్ళండి, నీళ్ళు తీసుకెళ్ళండి, అక్కడ నీడ లేదు. ఒక్క గుండును కూడా కదపకండి. వాటిలో మా ముత్తాతది ఏదో మాకింకా తెలియదు.